నా చెయ్యి కాదు

రిష్తాన్, మార్చి 4

ముష్తరీ, నా బంగారు చెల్లీ,

అస్సలాము అలైకుం. ఒంట్లో ఎలా ఉంది? నీ కూతురి చదువు ఎలా ఉంది? తాష్కెంట్‌లో చలి తగ్గిందా? నువ్వు రాసి పదహారు రోజులైంది, ఇవాళ జవాబిస్తున్నాను. ముందు తిట్టుకో, తర్వాత క్షమించు. కోడలికి కాన్పయింది, ఆడపిల్ల, నోరు అచ్చం నాదే, అది ఏడిస్తే వీధంతా లేస్తుంది. ఆ తర్వాత ఫోను టీ కెటిల్‌లో పడింది. బియ్యంలో పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాను.

మాటలు రికార్డు చేసి పంపొచ్చు కదా అంటావు. నేను ఫోన్లో మాట్లాడితే మనింటి సంగతులు బజారంతా వింటుంది, రొట్టెల వాడు మధ్యలో సలహా కూడా ఇస్తాడు. అందుకే కొట్లో కూచుని, గిన్నెల బేరం లేనప్పుడల్లా ఒక్క వేలితో కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకో.

ఇక నీ మట్టి తలల సంగతి. జనవరిలో నువ్వు చేసి వెళ్ళిన ఏడూ బాగా ఆరాయి. మన పనిశాలలో గిన్నెల మీద పువ్వులేసే ఆడవాళ్ళవి ఆరు ఒక బల్ల మీద, మా నాన్నది ఒక్కటీ కిటికీ దగ్గర. తుర్గునాయ్ రోజూ వచ్చి తన తల చూసుకుని, "నాకిన్ని ముడతలెక్కడివి? మీ చెల్లెలు నా ముఖం చేసిందా, మా అత్తగారి ముఖం చేసిందా?" అని గొడవ. నిన్న దానికి తన రుమాలు కట్టిపోయింది.

నాన్న గురించి నీకు తెలుసు. ఎనభై ఒకటో ఏడు, ఒక్క ముఖం చెయ్యలేదు. "ముఖాలు చేసే పని పైవాడిది, నాది గిన్నెల పని" అంటాడు. కానీ నువ్వడిగావని కాల్చిపెడతానన్నాడు. తన తల రెండు చేతుల్తో ఎత్తి చూసి, "నా బుర్రలో ఇంత మట్టి ఉందని దీనికెవరు చెప్పారు?" అన్నాడు. మెడ దగ్గర మందం ఎక్కువట, లోపల ఇంకా తోడాల్సిందట. అంత బరువు ఎత్తితే చేతులు వణికాయి. శరత్కాలం నుంచి సారె ముందు కూచోలేదు ముష్తరీ, బట్టీ దగ్గర నిలబడి మా తమ్ముడు ఐబెక్‌ని తిట్టడం ఒక్కటే మిగిలింది. అదీ బాగానే చేస్తున్నాడు.

ఎవరో టీ కప్పుల సెట్టు అడుగుతున్నారు, ఉంటాను.

నీ అక్క
హోసియత్


తాష్కెంట్, మార్చి 9

మా హోసియత్ అక్కకి,

మనవరాలు పుట్టినందుకు వంద ముద్దులు. పేరేం పెట్టారో రాయలేదు, కెటిల్ సంగతి మాత్రం రాశావు.

అక్కా, ఇది ఇంకెవరికీ చెప్పలేదు. మే నెలలో నా ప్రదర్శన ఉందని తెలుసుగా. అందులోంచి ఒక్క తల మ్యూజియం వాళ్ళు శాశ్వతంగా ఉంచుకుంటారట. ఇరవై ఏళ్ళుగా ముఖాలు గీస్తున్నాను. డైరెక్టర్లవి, పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్లవి, పెళ్ళి జంటలవి. మొన్న ఒక పెద్దమనిషి కూర్చున్నంతసేపూ గడ్డం పైకెత్తే ఉన్నాడు, బొమ్మలో రెండో గడ్డం కనపడకూడదట. ఆ బొమ్మలన్నీ ఆఫీసు గోడల మీద ఉంటాయి, కుర్చీలో మనిషి మారితే గోదాముకి పోతాయి. నాదని చెప్పుకునేది ఒక్కటీ ఒక చోట నిలవలేదు.

పదేళ్ళ క్రితం, నా బొమ్మలు పాస్‌పోర్టు ఫొటోల్లా ఉన్నాయని ఎవరో పత్రికలో రాస్తే, ఏడ్చుకుంటూ మీ ఇంటికొచ్చాను గుర్తుందా? పెద్దనాన్న ఓదార్చలేదు. మట్టిముద్ద చేతిలో పెట్టి గిన్నె చెయ్యమన్నాడు. వచ్చినప్పుడల్లా గిన్నెలే, ఏడాదంతా. వంకరగా వస్తే నలిపేసి మళ్ళీ నా చేతిలో పెట్టేవాడు. మనిషి ముఖానికి నటన వచ్చు, మెడ వెనకభాగానికి రాదని నాకు మట్టే చెప్పింది. నాకు ఈ పని ఇచ్చింది ఆయన. అందుకే మ్యూజియంలో నిలిచేది ఆయన తలే కావాలి. మిగతా ఆరూ పగిలినా ఏడవను.

తుర్గునాయ్‌కి చెప్పకు ఈ మాట.

మీ
ముష్తరీ


రిష్తాన్, మార్చి 24

ముష్తరీ తల్లీ,

నౌరూజ్ పండగ శుభాకాంక్షలు. గోధుమ మొలకల పాయసం మూడు పెద్ద డేగిశాల్లో వండాం, కలిపీ కలిపీ నా భుజం పోయింది. నీ వాటా సీసాలో పెట్టాను, ఎవరైనా అటొస్తే పంపుతాను.

ఒక విషయం ఐదు రోజులుగా చెప్పకుండా దాచాను. ఇప్పుడు కూర్చుని చదువు.

బట్టీ తెరిచాం. నాన్న ఆడవాళ్ళ తలలన్నీ ముఖాలు గోడవైపు తిప్పి పెట్టించాడు, "పరాయి ఆడవాళ్ళు, మంట వాళ్ళ ముఖాల్లోకి చూస్తే ఏం బావుంటుంది" అని. ఆరూ చక్కగా వచ్చాయి, తేనె రంగులో. నాన్న తల పగిలింది. చెవి దగ్గర మొదలై దవడ కింద దాకా, ఒకటే పగులు. ముక్కలవ్వలేదు. లోపలి నుంచి వెలుతురు కనిపించేంత సందు మాత్రం ఉంది.

ఐబెక్ అయ్యో అన్నాడు. నాన్న దాన్ని ఎత్తుకెళ్ళి లోపలి గదిలో బల్ల మీద పెట్టి, టీ అడిగాడు.

ఏడవకు. వేసవిలో వచ్చి ఇంకొకటి చెయ్యి. మనిషి ఇక్కడే ఉన్నాడు, ఎక్కడికీ పోడు.

నీ అక్క


తాష్కెంట్, మార్చి 27

అక్కా,

ఏడవలేదు. ఏడ్చాను, కొంచెం.

నిజం చెప్పు. ఆయనకి నచ్చలేదు కదా? ముఖం చెయ్యకూడదనే మనిషి ముఖమే చేసి ఆయన బట్టీలోనే కాల్చమని పంపాను. మెడ మందమని ఆయనకి ముందే తెలుసు. తెలిసీ పెట్టాడంటే, పగిలితే పగలనీ అనుకున్నాడేమో. నేను తప్పు పట్టడం లేదు. ఆయన ఇంట్లో ఆయన తినే రొట్టె తిని, ఆయనకి ఇష్టంలేని పని చేశాను.

మిగతా ఆరూ పంపించు. పగిలిన దాన్నీ పంపించు, ఎలా ఉన్నా నా దగ్గరే ఉండనీ. ప్రదర్శనలో పెట్టను.

ముష్తరీ


రిష్తాన్, ఏప్రిల్ 15

నా పిచ్చి చెల్లీ,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది, అందుకే ఆలస్యం. కావాలని పగలనిచ్చాడా? ఎనభై ఏళ్ళలో ఎదుటివాడి వంకర గిన్నె కూడా ఆ మనిషి బట్టీలో నిర్లక్ష్యంగా పెట్టలేదు. ఆయనకీ మాట చెప్పలేదు, చెప్తే నన్ను కొడతాడు, నిన్ను కాదు.

తలలు పంపాను. మన వీధి సయ్యద్ తన కారులో కనుమ మీదుగా తెస్తున్నాడు. పెళ్ళికి కుట్టించిన బొంతలు నాలుగు చుట్టాను, తిరిగి పంపడం మర్చిపోకు. తుర్గునాయ్ తన తలని ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టమంది. సయ్యద్, "మాట్లాడని ఆడమనిషి పక్కన కూచోవడం ఇదే మొదటిసారి" అని కట్టాడు.

నాన్న తల సంగతి నాకూ తెలీదు. పోయిన వారమంతా ఆయనా ఐబెక్కూ లోపలి గదిలో తలుపేసుకున్నారు. నాతో కాలిన పెంకులు నూరించారు, పిండిలా కావాలని మూడుసార్లు వెనక్కి పంపారు. మళ్ళీ చిన్న బట్టీ వెలిగించారు. నాకు చూపించలేదు, గుడ్డ చుట్టేసి ఇచ్చారు. నువ్వే విప్పి చూడు. బాగోకపోతే నాకు మాత్రమే చెప్పు.

మనవరాలి పేరు ఇక్బోలా. అడిగావుగా.

హోసియత్


తాష్కెంట్, ఏప్రిల్ 22

అక్కా, అక్కా, అక్కా,

విప్పాను.

పగులు దాచెయ్యలేదు. పెంకుల పొడీ ముగ్గురాయీ బూడిదతో చేసే మీ నీలం మెరుగులో కలిపి ముద్ద చేసి, ఆ సందులోకి కూరి కాల్చారు. నీలం కరిగి చెవి నుంచి దవడకి సన్నటి ఏరులా దిగింది. మిగతా ముఖమంతా వట్టి మట్టి, ఆ ఒక్క గీతే నీలం. నేను చేసిన తల పెద్దనాన్నలా ఉండేది. ఇప్పుడు పెద్దనాన్నే. ఎనభై ఏళ్ళూ ఆ గీతలో ఉన్నాయి. నేను వెయ్యేళ్ళు కూచున్నా నాకది తోచదు.

ఇంకో వార్త. మ్యూజియం నుంచి ముగ్గురొచ్చి ఆరు తలల ముందు నుంచి నడిచి వెళ్ళి దీని ముందాగారు. ఇదే కావాలన్నారు. ప్రదర్శనలో పెట్టనని మూల పెట్టిన దాన్నే!

ఒకటే చిక్కు. కాగితం మీద పనిలో ఎవరెవరి చెయ్యి ఉందో రాయాలట. ఆ గీత నాది కాదు, నాదని రాయలేను. పెద్దనాన్నదా, ఐబెక్‌దా? అడిగి వెంటనే రాయి. ఆయనదే అయితే ఇద్దరి పేర్లూ పెట్టిస్తాను. ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ గిన్నెల కింద ఫ్యాక్టరీ ముద్రే పడింది, ఆయన పేరు ఒక్కదాని మీదా లేదు. ఈ ఒక్కదాని మీదైనా ఉండనీ.

త్వరగా, అక్కా.

నీ ముష్తరీ


రిష్తాన్, ఏప్రిల్ 25

ఐబెక్‌ని అడిగాను, నాకేం తెలుసు నేను బట్టీ ఎగదోశానంతే అన్నాడు. నాన్నని అడిగాను, నా చెయ్యి కాదు అన్నాడు. టూరిస్టుల బస్సొచ్చింది, నలభై మంది, అందరికీ దానిమ్మ బొమ్మలున్న గిన్నెలే కావాలి, పరిగెడుతున్నాను. ముద్దులు.


తాష్కెంట్, మే 2

హోసియత్ అక్కకి,

వారం ఆలోచించాను. నీకు రాయకుండా నిర్ణయం తీసుకున్నాను, కోప్పడకు.

పెద్దనాన్న తన చెయ్యి కాదన్నాడు. ఐబెక్ తనది కాదన్నాడు. ఐబెక్‌కి అంత తెలివి లేదు, క్షమించు, మీ తమ్ముడే అయినా నిజం. కాబట్టి చేసింది పెద్దనాన్నే, కానీ ఒప్పుకోవడం ఇష్టం లేదు. అర్థం చేసుకున్నాను. నా మీద జాలితో బాగుచేశాడు, కానీ ఒక ముఖం మీద తన పేరు ఉండకూడదనుకున్నాడు. ఎనభై ఏళ్ళ నియమం, నా సంబరం కోసం విరగకూడదు.

అలాగని ఒక్క నా పేరుతోనూ ఇవ్వలేను. ఆ తల వెనక్కి తీసుకుంటున్నానని మ్యూజియానికి చెప్పేశాను. బదులుగా తుర్గునాయ్ తల తీసుకుంటామన్నారు. ఆమెకి ఫోన్ చేసి చెప్పాను కూడా, అరిచిన అరుపుకి నా చెవి పోయింది. పెద్దనాన్న తల నాతోనే ఉంటుంది, రోజూ చూసుకుంటాను. పెద్దనాన్నకి చెప్పు, నేను బాధపడటం లేదని. ఆయన నా కోసం చేసినదానికి ఎప్పటికీ రుణపడి ఉంటాననీ చెప్పు.

ముష్తరీ


రిష్తాన్, మే 3

ఓసి నీ చదువు తగలెయ్యా! ఓసి తాష్కెంట్ దానా!

కొట్టు మూసేసి రాస్తున్నాను, పట్టపగలు, బజారు రోజు, చూడు నీ వల్ల ఎంత పనైందో.

తప్పు నాదీ ఉంది. నాన్న అన్నది సగమే రాశాను. మిగతా సగం ఆయన గడ్డంలోకి గొణిగాడు, ఈలోపు బస్సొచ్చింది. పైగా ఈ ఊళ్ళో సగం చెప్తే చాలు, చంటిపిల్లకి కూడా తెలుసు. నాలుగేళ్ళప్పుడే చిన్నాన్న నిన్ను తాష్కెంట్ తీసుకుపోయాడు, నీకెవరు చెప్తారు? గిన్నెలు నేర్చుకునేటప్పుడు ఆయన గడ్డంలోకి గొణిగింది నువ్వేం విన్నావు?

విను. మా నాన్న గిన్నె పూర్తిచేసి సారె మీంచి తీసేటప్పుడు ఏమంటాడు? "ఇది నా చెయ్యి కాదు, పెద్ద ఉస్తాల చెయ్యి" అంటాడు, పని నేర్పిన గురువులదని. తాతా అదే అనేవాడు. తుర్గునాయ్ చివరి గీత గీసి కుంచె దించేటప్పుడు, "నా చెయ్యి కాదు, బీబీ ఫాతిమా చెయ్యి" అంటుంది. కాన్పులు చేసేటప్పుడు నాన్నమ్మ, తల్లి కడుపు నిమురుతూ ఇదే మాట అనేది. మంచి పని జరిగితే నేను చేశానని నోటితో అనకూడదు, మనకంటే ముందు చేసినవాళ్ళ చెయ్యి మన చేతిలో ఉందని అనాలి. అర్థమైందా? పని చేసినవాడే ఆ మాటంటాడు! చెయ్యనివాడు ఎందుకంటాడు? చెయ్యని ఐబెక్ ఏమన్నాడు? నాకేం తెలుసు అన్నాడు!

నా చెయ్యి కాదు అన్నాడంటే, ఆ పని నాదే, నాకు నచ్చింది, అని. పోయిన శరత్కాలం నుంచి ఆ మాట ఆ నోట రాలేదు ముష్తరీ. సారె దిగాక అనడానికి ఏముంది? నేనడిగినప్పుడు అన్నాడు, అంటూ నవ్వాడు కూడా. నేను బస్సు చూస్తున్నాను.

ఇప్పుడు ఐబెక్‌ని గట్టిగా పట్టుకున్నాను. చెప్పాడు. నాన్న కుడి చెయ్యి వణుకుతుంటే ఎడంచేత్తో మణికట్టు పట్టుకుని ఆ ముద్ద కూరాడట. మూడు రోజులు. ఐబెక్ చేస్తానంటే, "నీ తల పగిలినప్పుడు చేద్దువులే" అన్నాడట.

వెళ్ళు. చెప్పులేసుకుని మ్యూజియానికి వెళ్ళు. నేను తుర్గునాయ్ ఇంటికి వెళ్తున్నాను, అది ఇప్పటికే ముప్పై మందికి చెప్పింది, నా ఖర్మ.

హోసియత్


తాష్కెంట్, మే 12

అక్కా,

నీ ఉత్తరం చదివి చెప్పుల్లేకుండానే బయటికెళ్ళి, మెట్ల దగ్గర నుంచి వెనక్కొచ్చాను.

ఆయన చేసిన ఆఖరి పనిని, ఆయన నవ్వుతూ ఒప్పుకున్న పనిని, ఆయన వద్దన్నాడని చెప్పి నేను మూల పెట్టాను. ముందు ఆయన చెయ్యి ముద్దు పెట్టుకో, నా తరఫున, రెండూ.

మ్యూజియంలో కాగితాలు చూసే ఆయన మంచివాడే, నెమ్మదిగా విన్నాడు. తర్వాత, "అమ్మా, చేసినవాడే చెయ్యలేదంటాడని ఫైల్లో ఎలా రాయమంటారు?" అన్నాడు. ఉస్తా స్వయంగా కాగితం మీద ఒప్పుకుంటే ఆ తల తీసుకుంటారు, రెండు పేర్లూ పెడతారు. కాగితం సయ్యద్‌తో పంపుతున్నాను, బొంతలతో పాటే. అందులో ఒకే వాక్యం ఉంది: "ఈ పని నేను చేశాను." కింద సంతకం. ఇరవై ఐదో తారీఖు లోపల చేరాలి, లేకపోతే వాళ్ళు అనుకున్న ప్రకారం తుర్గునాయ్ తలే తీసుకుంటారు.

నీ ముష్తరీ


రిష్తాన్, మే 19

చెల్లీ,

బొంతలు ముట్టాయి, ఒకదాన్ని ఉతికావు కూడా, చల్లగా ఉండు.

ముందు తుర్గునాయ్ సంగతి. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "మీ నాన్న మమసోలి ఉస్తా కోసమైతే సరే. ఇంకెవరి కోసమైనా అయితే మీ చెల్లెలి జుట్టు మిగిలేది కాదు" అంది. చెర్రీ పళ్ళు కూడా తెచ్చింది.

ఇక కాగితం. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇలా రాయకూడదు" అన్నాడు. నేను బతిమాలాను. "నువ్వు చేసిందే కదా నాన్నా!" అంటే, "అందుకే రాయకూడదు" అన్నాడు. ముష్తరీ పరువు పోతుందన్నాను, ముష్తరీ పదేళ్ళ కష్టం అన్నాను. పాపం ఆ ముసలాయన రోజంతా కాగితం ముందేసుకుని కూచున్నాడు, భోజనానికి లేవలేదు. "నా పెద్దలు నోటితో అనని మాట నేను సిరాతో ఎలా అంటాను? కానీ ఆ పిల్ల నా వల్ల ఆగిపోకూడదు" అని తనలో తనే అనుకోవడం విన్నాను. నాకు ఏడుపొచ్చింది, బజారుకి వచ్చేశాను.

సాయంత్రం వెళ్ళేసరికి కాగితం మీద సంతకం లేదు. వేలిముద్ర ఉంది. కుడి బొటనవేలు, నీలం మెరుగులో ముంచి వేశాడు.

"నాలుగు భాషలు చదవడం వచ్చిన మనిషివి, వేలిముద్ర వేస్తావా?" అని అరిచాను.

"పేరు రాస్తే నేను చెప్పినట్టు. నేనేం చెప్పలేదు. ఆ పగులులో ముద్ద కూరిన వేలు ఇదే, పొడుగునా దిగబడి ఉంటుంది. కాగితాల ఆయన్ని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమను. వేలికి ఏ నియమం లేదు, అది అబద్ధం చెప్పదు, గొప్పలూ చెప్పదు" అన్నాడు.

కాగితం మడత పెట్టలేదు, మెరుగు ఇంకా అంటుకుంటోంది. రెండు అట్టల మధ్య పెట్టి ఇవాళే పంపుతున్నాను. నువ్వూ ప్రార్థించు, నేనూ ప్రార్థిస్తాను.

హోసియత్


తాష్కెంట్, మే 28

అక్కకి, పెద్దనాన్నకి, తుర్గునాయ్‌కి, ఐబెక్‌కి, అందరికీ,

తీసుకున్నారు!

ఆ కాగితాల ఆయన భూతద్దం తెప్పించాడు. తల పక్కన కాగితం పట్టుకుని, నీలం గీత వెంబడి చెవి నుంచి దవడ దాకా వంగి వంగి చూశాడు. మెరుగు కింద ఎనిమిది చోట్ల వేలి గీతలు ఉన్నాయి, అక్కా. నెల రోజులు రోజూ చూశాను, మెరుపే చూశాను, వేలు చూడలేదు. ఆయన కళ్ళజోడు తీసి, "ఇంతకంటే స్పష్టంగా ఎవరూ నాకు రాసివ్వలేదు" అన్నాడు. ఆ కాగితాన్ని కూడా ఫైల్లో పెట్టకుండా, తల పక్కనే అద్దం కింద పెడతారట.

పేర్లు రెండూ చెక్క మీద రాశారు, ఫొటో పెడుతున్నాను. నిన్న జనం మధ్య నిలబడి అందరూ శుభాకాంక్షలు చెబుతుంటే, నా నోటి నుంచి ఏమొచ్చిందో తెలుసా? "నా చెయ్యి కాదు" అన్నాను. పక్కన పత్రికావాళ్ళు కంగారు పడ్డారు. ఈసారి మిగతా సగం కూడా చెప్పాను.

పెద్దనాన్న చెయ్యి నా చేతిలో పెట్టినందుకు మీ ఇంటికి, మీ మట్టికి, నీ టైపు తప్పులకి కూడా నా దండాలు.

మీ ముష్తరీ


రిష్తాన్, జూన్ 2

నా తల్లీ,

ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను, చూశావా. బజారులో అందరికీ ఫొటో చూపించాను. రొట్టెల వాడు ఊరికే రెండు రొట్టెలిచ్చాడు.

నాన్న ఫొటో పెద్దది చేసి చూడమంటే చూశాడు. తన పేరు దగ్గర కాసేపు ఆగాడు. "పిల్ల పేరు పైన ఉంది, అది బావుంది" అన్నాడు. అంతే, గడ్డం నిమురుకుంటూ లేచి వెళ్ళాడు.

తాష్కెంట్ వెళ్దామా నాన్నా అన్నాను. "నేనెందుకు వస్తాను? నా ముఖం నాకు తెలీదా?" అన్నాడు. సరే అని ఊరుకున్నాను. పొద్దున చూస్తే, మంచి కోటు తీగ మీద ఆరేసి ఉంది, ఐబెక్ చేత దులిపించాడు. బూట్లు గుమ్మం దగ్గర మెరుస్తున్నాయి. నన్ను చూసి, "ఊరికే అడుగుతున్నాను, ఆ మ్యూజియం వారంలో ఏ రోజు మూసి ఉంటుందో కనుక్కో" అన్నాడు. మళ్ళీ, "కోకంద్ నుంచి తాష్కెంట్ రైలు పొద్దున్నేనా?" అన్నాడు. వెళ్తానని మాత్రం అనలేదు. ఈ మనిషి ఏదైనా కాదన్నాడంటే ఏంటో ఇప్పుడు నీకూ తెలుసుగా.

నేనూ వస్తున్నాను, కోడల్నీ, ఒళ్ళో ఇక్బోలానీ తెస్తాను. తుర్గునాయ్ తన తల ఎక్కడ పెట్టారో చూడాలట, అదీ బయల్దేరింది. పాప కాక నలుగురం, రైల్లో రొట్టెలూ చెర్రీలూ నావే.

కాబట్టి త్వరగా చెప్పు ముష్తరీ, వాళ్ళు ఏ రోజు తెరుస్తారు, మనం ఏ రోజు కలుద్దాం?

నీ అక్క
హోసియత్